చాట్ కిటికీలో త్రివిక్రమ్

తెర మీద పాతకాలపు చాట్ కిటికీ తెరుచుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం ప్రత్యక్షమైంది. అది చదివిన హైమవతి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఇది మా ఆయనే," అంది. "పాతికేళ్లు కూడా నిండని మా ఆయన."

విశాఖపట్నం ల్యాబులో డాక్టర్ నిఖత్ తయారుచేసిన ఆ యంత్రం పేరు ప్రతివాక్. అది చేసే పని చెప్పడం తేలిక. ఈ శతాబ్దం మొదట్లో జనం ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని గంటలకొద్దీ చాట్ చేసుకునేవారు. ఆ సాఫ్ట్‌వేర్ ఏనాడో మూతపడినా సర్వర్లలో మాటలు మిగిలాయి. ఒక మనిషి అప్పట్లో టైపు చేసిన ప్రతి మాటనూ ప్రతివాక్ చదివి, ఆ ధోరణి పట్టుకుని, అతను ఆ వయసులో ఎలా జవాబిచ్చేవాడో అలాగే ఇస్తుంది. తర్వాతి జీవితం దానికి తెలియదు.

హైమవతి, త్రివిక్రమరావు అలాంటి చాట్ రూములోనే కలిశారు. ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటింది. వాలంటీర్లు కావాలన్న ప్రకటన చూసి, ముచ్చటపడి ఆమెను తీసుకొచ్చింది త్రివిక్రమరావే.

మొదట్లో అతనూ పక్కనే కూర్చునేవాడు. ఒకరోజు ఆమె, "మీరు కాస్త బయట కూర్చోండి. మీరుంటే నాకేమీ తోచట్లేదు," అంది. ఆ తర్వాత రోజూ తనే ముందు తయారై గుమ్మం దగ్గర నిలబడేది.

"ఏముందమ్మా అందులో?" అని నిఖత్‌ను అడిగాడు త్రివిక్రమరావు. "మొహం లేదు, గొంతు లేదు. వట్టి అక్షరాలు."

"అందుకేనండీ. లేనిదంతా చదివేవాళ్లు ఊహించుకుంటారు. దాంతో పోటీ పడటం కష్టం."

"పోటీ ఏమిటి? అది నేనే కదా! ఒక్కరోజు దాన్నాపి నన్ను కూర్చోబెట్టు."

నిఖత్ ఒప్పుకోకూడదు. కానీ అలాంటి ప్రయోగం మళ్లీ దొరకదనిపించింది. ఒప్పుకుంది.

మర్నాడు హైమవతి అద్దాల గదిలో, అతను ఇవతల, ఆమెకు కనబడకుండా బీరువా పక్కన ఇంకో కీబోర్డు ముందు. వాన మొదలైందని ఆమె రాసింది. అతను చాలాసేపు ఆలోచించి, "గొడుగు తెచ్చావా?" అని కొట్టాడు. ఆమె ఒక పాట గురించి రాసింది. అతనికి ఆ పాట గుర్తు రాలేదు. "మధ్యాహ్నం బీపీ మాత్ర వేసుకో," అని రాశాడు. ఇలా కాదనుకుని, ఇన్నేళ్లూ నోటితో చెప్పలేనిది టైపు చేశాడు: "నువ్వు లేకపోతే నేను బతకలేను హైమా."

అద్దం అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది. అతను గబుక్కున బీరువా వెనక్కి తప్పుకున్నాడు.

"డాక్టరుగారూ, మెషీన్ చెడిపోయిందండీ," అంటూ వచ్చింది హైమవతి.

"ఏమైందమ్మా?"

"అచ్చం మా ఆయనలా మాట్లాడుతోంది. గొడుగులూ, మాత్రలూ, చివర్లో ఏవో ఏడుపు మాటలూ. ఇంట్లో ఎలాగూ తప్పదు, ఇక్కడ కూడానా? త్వరగా బాగుచేయించండి."

"అయిదు నిమిషాలమ్మా," అంది నిఖత్ నేల చూపులు చూస్తూ.

ఆమె లోపలికి వెళ్లాక త్రివిక్రమరావు బయటికొచ్చాడు. నిఖత్ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏ బటనమ్మా?"

ఆమె చూపించింది. అతనే నొక్కాడు.

తెర మీద మాటలు వాటంతటవే పరుగెత్తాయి. అద్దం అవతల హైమవతి తల వెనక్కి వాల్చి, పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వగలదని ఇన్నేళ్ల కాపురంలో అతనికి తెలియదు.