రెండు తాళాల గది

“ఇంకా చూస్తారేం? మీ తాళం తీయండి!”

మొన్నటిదాకా నోరారా ‘నువ్వు’ అన్న వాన్ ఇవాళ ‘మీరు’ అంటోంది. హెంగ్ తాళంచెవిని తలకిందులుగా రంధ్రంలోకి తోస్తున్నాడు.

బయట కుంభవృష్టి. గోబీ ఎడారి అంచున వాన పడితే ఊరంతా పండగే కానీ, ఆ చిన్న మ్యూజియం వాళ్లకి మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. లోపలున్నవి వెయ్యేళ్లనాటి బౌద్ధ సూత్రాల కాగితపు చుట్టలు మరి! ఆ గదికి రెండు తాళాలు. ఒక చెవి హెంగ్ దగ్గర, ఒకటి వాన్ దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

సాయంత్రం రైలుకి వాన్ లాన్‌జౌ నగరానికి వెళ్లిపోతోంది. కోరి చేయించుకున్న బదిలీ. అంతా హెంగ్ నిర్వాకమే. తాళానికి తన జోడీగా వాన్ వద్దు, వేరేవాళ్లని వేయమని డైరెక్టర్ గావో మేడమ్‌ని అడిగాడు. ఎందుకలా అడిగాడో వాన్‌కి చెప్పేలోపే సంగతి ఆమె చెవిన పడింది.

తలుపు తెరుచుకుంది. పై అర మీద టప్, టప్.

“అయ్యో, కారుతోంది!” హెంగ్ చెయ్యి చాచాడు.

“లాగకండి, చిరుగుతుంది! కింద రెండు చేతులూ పెట్టండి. మెల్లగా...”

ఊపిరి బిగబట్టి ఇద్దరూ చుట్టని బల్ల మీదికి దించారు. ఒక్క అంచే తడిసింది. వాన్ అద్దుడు కాగితం పెట్టి నొక్కింది.

“బతికింది,” అని కళ్లు తుడుచుకుంది.

“వాన్, వెళ్లకు.”

“ఎవరికోసం? నా పక్కన నిలబడటమే ఇష్టంలేని మనిషి కోసమా?”

“ఇష్టంలేక కాదే తల్లీ! ఒకే గది తాళాలు మొగుడూపెళ్లాల చేతుల్లో ఉండకూడదని రూలుంది కదా!”

వాన్ చెవులు ఎర్రబడ్డాయి. “అయితే ముందు అడగాల్సింది నన్నా, మేడమ్‌నా?”

అప్పుడే గావో మేడమ్ గొడుగుతో రొప్పుతూ వచ్చింది.

వాన్ తన తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. “వేరేవాళ్లకి ఇచ్చేయండి మేడమ్.”

హెంగ్ అంతా అయిపోయింది అనుకున్నాడు.

“రైలుకి టైమైందా అమ్మాయ్?”

“రైలెక్కడం లేదు మేడమ్. రెండో తాళం ఈ మొద్దావతారం దగ్గరుందిగా,” అంది వాన్, అతనివైపు చూడకుండానే. “రూలు ఒప్పుకోదు.”