పన్నెండో ఫిల్టర్

"పెరుగుందా?"

"గేదె రాజీనామా చేసింది."

కోడ్ సరిపోయింది. భక్తపూర్ పెరుగు దుకాణంలో ఏజెంట్ హర్కమాన్ లింబు కూర్చున్నాడు. ఎదురుగా బాస్ కల్నల్ బస్నేత్ ఖాళీ మట్టి గిన్నెను గోకుతున్నాడు.

"పన్నెండు ఫిల్టర్లు. మన లోయ గాలిలోని మసి. మధ్యాహ్నం విమానంలో స్వీడన్ ల్యాబ్‌కి. కట్టెలో రేడియోకార్బన్ ఇంకా బతికే ఉంటుంది. నేలబొగ్గులో అదెప్పుడో చచ్చిపోయింది. లెక్కపెడితే మసి ఎవరిదో తేలిపోతుంది. ఇటుక బట్టీలదా, ఆడవాళ్ల పొయ్యిలదా అని."

"ఇటుకలో కిటుకేంటి సర్?"

"బట్టీలకు బొగ్గమ్మే విదేశీ ముఠా, బ్లాక్ లోటస్. ఫిల్టర్ల పెట్టె మార్చేసి, కట్టెల మసి పూసిన నకిలీది పంపబోతోంది. ఆ ఫలితం చూసి ప్రభుత్వ కాలుష్య కమిటీ బట్టీల్ని వదిలేసి పొయ్యిల్ని పగలగొడుతుంది."

"లోటస్ అంటే తామర. పువ్వూ అదే, గజ్జికి చెల్లెలూ అదే."

"చాల్లే. నెల్లాళ్లుగా ల్యాబ్ హెల్పర్ వేషంలో ఫిల్టర్లు మార్చింది నువ్వే. నువ్వే గుర్తుపట్టగలవు. మీ దీదీ దగ్గు ఎలా ఉంది?"

హర్కమాన్ నవ్వు ఆరిపోయింది. అక్క మన్మయా ఇల్లు బట్టీ చిమ్నీ నీడలోనే. దగ్గు ఆమెకిప్పుడు దగ్గరి చుట్టం. కట్టెల మీద నేరం పడితే ఆమె పొయ్యి కూలుతుంది, చిమ్నీ నిలబడుతుంది.

ఎయిర్‌పోర్ట్ కార్గో. హర్కమాన్ లోడర్ వేషంలో, చేతిలో ఫిల్టర్ల పెట్టెతో ఉన్నాడు. ఆఫీసు ఇచ్చిన రహస్య కెమెరా కళ్లజోడు లోయను కమ్మిన పొగలో పొగనే ఫోటో తీస్తోంది. అప్పుడొచ్చింది వేరా. ఎర్ర కోటు, మాస్కు మీద గీసుకున్న ఎర్రటి పెదవులు. రెండు పక్షాల జీతం తినే డబుల్ ఏజెంట్. చేతిలో అచ్చం అలాంటి వెండిరంగు పెట్టె.

"అయ్యో!" అంటూ తూలి అతని మీద పడింది. రెండు పెట్టెలూ నేలపై దొర్లి కలిసిపోయాయి.

"ఎడమది మీది, హర్కమాన్ దాయి. నా మీద నమ్మకం లేదా?" అన్నయ్యను అడిగే చెల్లెల్లా అడిగింది.

"ఉంది బహినీ. రెండువైపులా సమానంగా ఉంది."

"తొందరగా! విమానం తలుపు వేసేస్తున్నాం!" కార్గో సూపర్‌వైజర్ అరిచాడు.

హర్కమాన్ రెండు పెట్టెలూ తెరిచాడు. గాజు మూతల కింద ఎడమ పెట్టెలో పన్నెండు ఫిల్టర్లూ నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కుడి పెట్టెలో పదకొండే నల్లవి. పన్నెండోది మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

కుడి పెట్టెను మూసి, మూసుకుంటున్న తలుపు సందులోంచి లోపలికి తోశాడు.

"ఎలా తెలిసింది?" వేరా గొంతులో పెదవుల రంగు వెలిసిపోయింది.

"పన్నెండోదాన్ని మిషన్‌లో పెట్టి, గాలి లాగకుండానే తీసేస్తాం. మా చేతుల మురికి ఎంతో తెలియడానికి. అది తెల్లగానే ఉండాలి. మీవాళ్లు శ్రద్ధగా దానికీ మసి పూశారు. మసిపూసి మారేడుకాయ చేద్దామనుకుంటే మారేడుకాయలెన్నో కూడా తెలియాలిగా!"

వేరాకు బేడీలు పడ్డాయి. మూడు నెలలకు ఫలితం వచ్చింది. మసిలో ఎక్కువ భాగం నేలబొగ్గుదే. కమిటీ ఉత్తర్వు కూడా వచ్చింది. హర్కమాన్ దాన్ని దీదీకి చదివి వినిపించాడు. అసార్ నుంచి దశైం దాకా, అంటే ఆషాఢం నుంచి దసరా దాకా, బట్టీలన్నీ మూసేయాలి.

మన్మయా దగ్గు ఆగేదాకా ఆగింది. "వానాకాలంలో అవెలాగూ మూసే ఉంటాయి కదరా తమ్ముడూ?"

"అవును దీదీ. అందుకే ఎవరూ కాదనలేదు."

ఉత్తర్వు నూటికి నూరు శాతం అమలైంది. అమలు చేసిన అధికారి, వాన.