ద్వారక వేసే ముడి

పాలవాడు సైకిలు గంట కొట్టి వెళ్ళిపోయాడు. కోకిల పాలగిన్నె స్టవ్ మీద పెట్టి, అవి కాగేలోగా ముందుగది కిటికీ తీద్దామని వెళ్ళింది. బల్ల వైపు చూడకుండానే కిటికీ తీసింది. తర్వాత చూడక తప్పలేదు.

ఈ రోజు కూడా ముడులు పడి ఉన్నాయి.

తిరుత్తణిలో రైల్వే గేటు దాటాక వచ్చే వీధిలో ఆ ఇల్లు. ముందుగదే పనిగది. గోడ పొడుగునా బల్ల, దాని మీద సోల్డరింగ్ ఐరన్, వైరు చుట్టలు, ఇత్తడి ప్లగ్గుల డబ్బా. అంబత్తూరులో ప్రెస్సు మిషన్లు చేసే కంపెనీ ఒకటి ఈ ఇంటి నుంచే కేబుళ్ళు కొంటుంది. ప్రెస్సు ముందు ఒక సెన్సర్ ఉంటుంది. పనివాళ్ళు దాన్ని 'కన్ను' అంటారు. మనిషి చెయ్యి అడ్డం వస్తే కంటి మీద ఎర్రదీపం వెలుగుతుంది, మిషన్ ఆగిపోతుంది. విదేశం నుంచి వచ్చే కళ్ళకు ఉండే కేబుల్ పొట్టిది, నూనె తగిలితే చీలిపోయేది. అందుకని ఏ మిషనుకు కావలసిన పొడుగులో దానికి, ఇక్కడ విడిగా కట్టించుకుంటారు.

ఆ పని మొదలుపెట్టింది కోకిల భర్త ద్వారకనాథ్. కామెర్లు ముదిరి మద్రాసు ఆస్పత్రిలో అతను పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు పనంతా కోకిలదే.

ప్లగ్గులోకి వెళ్ళే ముందు మూడు తీగలనూ కలిపి మైనం దారంతో కట్టాలి. కోకిల మామూలు ముడి వేస్తుంది. ద్వారక వేసే ముడి వేరు. దారం చుట్టూ తిరిగి, కొస తన కిందికే దూరి మాయమయ్యేది. మొదలెక్కడో చివరెక్కడో కనిపించేది కాదు. నేర్పమని అడిగితే నవ్వి తప్పించుకునేవాడు.

నిన్న సాయంత్రం కోకిల కట్టకుండా వదిలిన కేబుళ్ళన్నిటికీ ఇప్పుడు ఆ ముడే ఉంది. ఎండలు ముదిరినప్పటి నుంచీ ఇదే వరస.

"వచ్చి పోయినాడా?" వెనక నుంచి వరదమ్మ గొంతు వినిపించింది. అత్తగారు గడప మీద నిలబడి, పండక్కి ఊరి నుంచి ఎవరో వచ్చినట్టు ముఖమంతా వెలిగించుకుని చూస్తోంది. "నేను చెప్పలా? నా బిడ్డ చెయ్యి నాకు తెలీదా?"

"అత్తా, సుమ్మా ఉండండి, ఊరుకోండి. పొద్దున్నే..."

"ఎందుకు సుమ్మా ఉండల్ల? మొగుడు దినామూ వచ్చి నీకు పని చేసి పెడతా ఉంటే, నువ్వు పట్టాభిరాం హాస్టల్లో పోయి పడుకుంటానంటావే! వాడు వచ్చి చూస్తే నువ్వు యాడ ఉంటావు?"

కంపెనీ వాళ్ళు అంబత్తూరులోనే కేబుళ్ళ సెక్షను పెడుతున్నారు. కోకిల వస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. పట్టాభిరాంలో ఆడవాళ్ళ హాస్టల్లో చోటు కూడా చూశారు. ఆమెకు ఇరవై అయిదేళ్ళు. ఈ బల్ల ముందు నుంచి లేచి ఎటైనా వెళ్ళాలని ఉంది. కానీ ప్రతి ఉదయం ఈ ముడులు చూశాక, వెళ్తానన్న మాట పైకి అనలేకపోతోంది.

మామగారు నాగలింగం కాఫీ కోసం వచ్చి బల్ల వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. రైల్వేలో గేటుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. "నా సర్వీసంతా ఆ గేటు కాడే కూర్చున్నా. గేటు తియ్యమని ఒక్క దెయ్యమూ అడగలా," అన్నాడు.

"దెయ్యమంటావా నా బిడ్డను?" వరదమ్మ మీదికి వచ్చింది. "నీకు కాఫీ లేదు పో!"

"కాఫీ ఇచ్చేది కోకిల, నువ్వు కాదు," అన్నాడాయన. కానీ నవ్వలేదు. గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పది దాటాక కంపెనీలో కొనుగోళ్ళు చూసే శివప్రకాశం వచ్చాడు. తమిళుడు. ఈ ఇంటికి వచ్చినప్పుడు తెలుగు కూడదీసుకుని మాట్లాడతాడు. చేతిలో ఒక సంచి, చంకలో బ్యాటరీ పెట్టె. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు గానీ కుర్చీలో కూర్చోలేదు.

"అమ్మా కోకిలా, కేబులంతా రిటర్న్ వచ్చినాది," అన్నాడు. "ప్రెస్సు ముందర ఆళే లేరు. యారుమే ఇల్లే, ఎవరూ లేరు. లైటు వెలగతాది. మిషన్ నిలిచిపోతాది. మళ్ళా దానంతట అదే ఆరిపోతాది. వర్కర్సు భయపడతా ఉండారు. అక్కడ ఎవరో నిలబడి ఉండారంట."

"టెస్ట్ చేసే దా, చేసినాకే పంపించినాను సార్," అంది కోకిల.

"నాకు తెలుసమ్మా. నువ్వే చూడు."

సంచిలోంచి ఒక కన్ను తీసి బల్ల మీద పెట్టాడు. బ్యాటరీకి కలిపి, తిరిగి వచ్చిన కేబుళ్ళలో ఒకటి తగిలించి, కంటిని వాకిలి వైపు తిప్పాడు. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు. వీధిలో కూడా ఎవరూ లేరు.

ఎర్రదీపం వెలిగింది.

దీపం నిలకడగా వెలుగుతోంది, గడప మీద ఎవరో నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. గోడ వారగా కూర్చున్న వరదమ్మ లేచింది. కొంగు సర్దుకుని, వాకిలి వైపు రెండు చేతులూ చాచింది.

"రా నాయనా. ఎండలో ఎందుకు నిలబడుకుని ఉండావు? లోపలికి రా."

శివప్రకాశం మెడ మీద చెమట తుడుచుకున్నాడు. చటుక్కున ఆ కేబుల్ ఊడబీకి, సంచిలోంచి వేరే పాత కేబుల్ తీసి తగిలించాడు. దీపం ఆరిపోయింది.

"పంపించేస్తివే!" వరదమ్మ కేక పెట్టింది. "వాకిట్లో దాకా వచ్చినోణ్ణి పంపించేస్తివే!" అంటూ గడప దగ్గర కూలబడిపోయింది.

నాగలింగం పెరట్లోంచి పరుగెత్తుకు వచ్చి ఆమె భుజం పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాడు. శివప్రకాశం గొంతు తగ్గించాడు.

"ఇది భయపడే విషయం కాదమ్మా, పెద్ద విషయం. ఊరకే సుమ్మా సుమ్మా మిషన్ నిలుస్తా ఉంటే ఏసు అనే వర్కరు ఏం చేసినాడు? కన్నే పీకేసినాడు. చెయ్యి లోపల ఉండగానే ప్రెస్సు దిగిపోయింది. ఒక వేలు పోయింది పాపం. పెండ్లయి ఏడాది కూడా కాలా. నేను రేపు పొద్దున మళ్ళా వస్తాను. ఎందుకిట్ల అయిందో నువ్వు చెప్పల్ల. ఉద్యోగానికి నువ్వు వచ్చేది, రానిది కూడా రేపే చెప్పేయల్ల. ఇంక ఆపలేనమ్మా."

అతను కేబుళ్ళు అక్కడే వదిలి వెళ్ళాక కోకిల చాలాసేపు బల్ల ముందు కూర్చుంది. దీపం ఆర్పిన ఆ పాత కేబుల్ ద్వారక చేతిది. అతను బతికున్నప్పుడు పంపినది. దీపం వెలిగించినది ఈ మధ్య పంపినది. రెంటినీ పక్కపక్కన పెట్టింది. ఒకే ముడి. తేడా లేదు. కానీ వేలితో తడిమితే తేడా ఉంది. ద్వారక ముడి కింద ఆమె గోరు దూరింది. కొత్త ముడి కింద దూరలేదు. బ్లేడుతో దారం కోసి చూస్తే, అది తీగల పైతోలులోకి దిగిపోయి ఉంది. లోపల రాగి బయటపడి ఒకదానికొకటి తగులుతోంది. కేబుల్ కదిలినప్పుడల్లా కలుస్తాయి, విడిపోతాయి. ఎవరూ లేకపోయినా ఉన్నారని చెబుతాయి.

ఈ బిగువు అతని చెయ్యి కాదు. అతను తీగను ఎంత తేలిగ్గా పట్టుకునేవాడో ఆమెకు తెలుసు.

ఆ సంగతి తెలిసి ఊరట కలగాలి. కలగలేదు. ఎందుకో అప్పుడు ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు తొలి రైలు గేటు దాటిన చప్పుడుకు కోకిల లేచి కూర్చుంది. ఇంకా తెల్లవారలేదు, కానీ కిటికీ చువ్వలు కనిపించేపాటి వెలుగు వచ్చింది. పక్కన అత్తగారి చాప ఖాళీ. ముందుగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. ఒక మనిషి మాట్లాడి, అవతలివాళ్ళ జవాబు విని, మళ్ళీ మాట్లాడుతున్నట్టు, మధ్య మధ్య ఆగుతూ.

ఆమె గోడ పట్టుకుని నడిచింది. ముందుగది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

వరదమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో కేబుళ్ళు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. చేతులు మాత్రం ఆగకుండా తిరుగుతున్నాయి. దారం చుట్టి, కొస తిప్పి, కిందికి దూర్చి, చివర రెండుసార్లు గట్టిగా గుంజి, కట్టినదాన్ని కుడిపక్కకు అందిస్తోంది. అక్కడ ఎవరూ లేరు. కానీ ఆమె చెయ్యి చిన్నపిల్లవాడి చేతి ఎత్తులో ఆగి, తీసుకున్నాక వదిలినట్టు వదులుతోంది.

"అట్ల కాదు నాయనా. కొస లోపలికి తిప్పు. ఆ... చూడకూడదు, సామి పూలు చూస్తా కట్టకూడదు. కండ్లు మూసుకో. చేతికే తెలస్తాది." కాసేపు విని, ముసిముసిగా నవ్వింది. "నొప్పి పుడతాదా? పుట్టనీ. గట్టిగా గుంజు. పొద్దు వాలేసరికి పూలు వాడిపోతాయి, ముడి వదులైపోతాది."

వరదమ్మ పుట్టింటివాళ్ళు తరతరాలుగా కొండమీద సుబ్రహ్మణ్యస్వామికి మాలలు కట్టేవాళ్ళు. తొలిపూజకు తెల్లవారకముందే లేచి, స్వామి కంటే ముందు తాము చూడకూడదని కళ్ళు మూసుకుని కట్టేవాళ్ళట. ఈ సంగతి కోకిల ఎన్నోసార్లు విన్నది. ఆ ముడి ద్వారకదని ఇన్నాళ్ళూ అనుకుంది. అతనికి అది ఎక్కడ నుంచి వచ్చిందో ఎన్నడూ అడగలేదు.

వెనక ఎవరో ఊపిరి పీల్చారు. నాగలింగం.

"మీకు ముందే తెలుసా మామా?" గుసగుసగా అడిగింది.

"చానా దినాలుగా చూస్తాండా."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది పాపా? వాడొస్తాండాడని అన్నం తింటాంది. వాడు పోయినాక మూడు నెల్లు గంజి కూడా మింగలా, నువ్వు చూసినావు కదా."

"ఒక మనిషి వేలు పోయింది మామా."

ఆయన తల వంచుకున్నాడు. కోకిల వెళ్ళి అత్తగారి ఎడమపక్కన కూర్చుంది. కుడిపక్కన కూర్చోవడానికి మనసు రాలేదు. తిరుగుతున్న ఆ చేతుల మీద తన చెయ్యి మెల్లగా వేసింది.

వరదమ్మ కళ్ళు తెరిచింది. కోడలిని చూసింది, భర్తను చూసింది, చివరికి తన ఒడిలోకి చూసుకుంది.

"ఎవురు కట్టినారు ఇవి?"

"మీరే అత్తా."

"అబద్ధం!"

"మీ వేళ్ళు చూసుకోండి."

వేళ్ళ సందుల్లో మైనం అంటుకుని ఉంది. చూపుడువేలి మీద దారం కోసిన గీత ఎర్రగా ఉంది. ఆమె వాటిని చాలాసేపు చూసింది, ఎవరి వేళ్ళో చూస్తున్నట్టు. ఆ తర్వాత కోకిల ఏసు సంగతి చెప్పింది. తీగలు పూలు కావనీ, సాయంత్రానికి వాడి సన్నబడవనీ, అంత గట్టిగా గుంజితే తెగుతాయనీ చెప్పింది. దాచకుండా, తొందరపడకుండా చెప్పింది.

"నా చేతులతోనా?" అంది వరదమ్మ. ఉన్నట్టుండి లేచి, ఒళ్ళో కేబుళ్ళన్నీ నేల మీదికి దొర్లిపోతుండగా, భర్త చొక్కా పట్టుకుంది. "నువ్వు! నువ్వు దా చేసినావు ఇదంతా! నా బిడ్డను నాకు చూపించినావా? మద్రాసులోనే దహనం ముగించేసి, ఒట్టి చేతులతో వచ్చి నిలబడితివే! వాడు పోయింది నేను చూసినానా? చూడందాన్ని ఎట్ల నమ్మల్లయ్యా? పోయినోడు రాడని నేను ఎట్ల నమ్మల్ల?"

నాగలింగం విడిపించుకోలేదు. "ముఖం అంతా పసుపైపోయి ఉన్నిందే, నువ్వు తట్టుకోలేవని..." అన్నాడు.

"నేను చూసినాను అత్తా," అంది కోకిల. "నేను చెప్తాను. రండి, కూర్చోండి."

చెప్పింది. ఏడాదిగా ఎవరికీ చెప్పనిది. చివరి రోజు అతనికి దాహం వేసిందని, చెంచాతో నీళ్ళు పోస్తే సగం మింగాడని, అమ్మను పిలవమన్నాడని, పిలుస్తానని చెప్పేలోపే కళ్ళు వాలిపోయాయని. కాళ్ళు చల్లబడితే తాను ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూనే ఉన్నానని, నర్సు వచ్చి చేతులు తీసేదాకా వదల్లేదని. "పిలిస్తే పలకలేదు అత్తా. మూడుసార్లు పిలిచినాను."

ఆ మాట తన నోటనే విన్నాక కోకిలకు తెలిసింది. ఇన్నాళ్ళూ తనను ఆపింది అత్తగారు కాదు. ప్రతి ఉదయం బల్ల వైపు చూడకుండా కిటికీ తీసి, ఆ తర్వాత చూసేది ముడులు ఉంటాయన్న ఆశతోనే. అవి కనపడని ఒకటి రెండు ఉదయాలు ఎంత వెలితిగా గడిచాయో ఇప్పుడు గుర్తొచ్చింది. నిన్న కొత్త ముడి కింద గోరు దూరనప్పుడు ఊరట కలగనివ్వనిది భయం కాదు. అతను రాలేదన్న సంగతి. తాను కూడా ఈ ఇంట్లో అతని కోసం కాచుకునే ఉంది.

ఆమె ఏడవసాగింది. ఆస్పత్రిలో కూడా అంతలా ఏడవలేదు. వరదమ్మ ఆ తలను తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఏడువు తల్లీ. నేనూ ఏడవలా. ఇద్దరం ఎవురికోసం ఆపుకుని ఉండామో..."

శివప్రకాశం వచ్చేసరికి ఎండ గడప దాటింది. కోకిల జరిగింది చెప్పబోతే వరదమ్మ అడ్డం వచ్చింది.

"నేను దా సార్ కట్టింది. నా కోడలు కాదు. ఆ ఏసు బిడ్డ యాడ ఉండాడో చెప్పండి, నేను వచ్చి చూడల్ల." శివప్రకాశం ఆమె వైపు, చెల్లాచెదురుగా పడిన కేబుళ్ళ వైపు చూసి, ఏమీ అడగకుండా తల ఊపాడు. పట్టాభిరాం దాటాక వచ్చే ఆవడిలో ఉన్నాడని చెప్పాడు.

"అట్లయితే అందరమూ ఒకే రైల్లో పోతాం," అంది వరదమ్మ. "కోకిల హాస్టల్ కూడా చూసేస్తాను. అక్కడ సాంబారు ఎట్ల ఉంటాదో ఏమో."

"అత్తా, నేను..."

"నువ్వు పో పాపా. నేను చెప్తాండా, పో. ఆదివారం వస్తే రా, రాకపోతే నేనే వస్తా. నీకు వయసుంది. ఇంకొకరి ఇంట్లో దీపం పెట్టినా నేను ఏమనుకోను." ఆ చివరి మాట అన్నాక ఆమె ముఖం తిప్పుకుంది, కానీ వెనక్కి తీసుకోలేదు.

కోకిల బట్టలు సర్దుకుంది. నాగలింగం సంచి అందుకున్నాడు. శివప్రకాశం ముందే స్టేషనుకు వెళ్ళాడు. ద్వారక పోయినప్పటి నుంచి వరదమ్మ ఆ ఇంటికి తాళం వేయనివ్వలేదు. వాడు వచ్చి తలుపు తట్టి వెనక్కి పోతాడని, ఎవరో ఒకరు ఉండి తీరాలనేది. ముగ్గురూ కలిసి గడప దాటడం ఏడాదిలో అదే మొదటిసారి. నాగలింగం తలుపు దగ్గరికి వేసి, తాళం చేతిలో పట్టుకుని భార్య ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు.

లోపల ఎక్కడో ఏదో కదిలినట్టు చిన్న చప్పుడైంది. కిటికీ రెక్క కావచ్చు. ముగ్గురూ విన్నారు. కోకిల అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వెయ్ అయ్యా," అంది వరదమ్మ. "లోపల ఎవురూ లేరు."