రొద పోయిన పెట్టె

పొయ్యి మీద కెటిల్ ఈల వేసి వేసి అలిసిపోయింది. దానికి రెండడుగుల దూరంలో నిలబడి టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఏమోయ్, నీళ్లన్నీ ఆవిరైపోతున్నాయి!" అని ముందుగదిలోంచి మెకానిక్కు కేకేశాడు. జవాబు లేదు. ఇంకోసారి అరిచి, ఇక లాభం లేదని తనే లేచి వెళ్లి మంట ఆపాడు. పక్కన మనిషి అలికిడి తెలిసి ఆమె ఉలిక్కిపడింది.

"ఏంటి అంతలా ఆలోచిస్తున్నావ్?"

ఆమె ఒక్క క్షణం ఆయన పెదాలకేసి చూసి నవ్వింది. "ఏం లేదండీ. పాత పాటేదో గుర్తొస్తేనూ..."

"ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టు. గుర్తు తెచ్చుకోవడమేంటి, ఏకంగా చెవుల్లోనే పాడించేస్తాను" అని మొగుడుగారు టీ కప్పు పట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ వీధి పిల్లలు ఆయన్ని షాక్ తాతయ్య అంటారు. నలభై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసిన చెయ్యి ఆయనది. పాడైనవి పారేసి కొత్తవి కొనుక్కునే కాలం వచ్చాక దుకాణం మూసేసి, బల్లనీ పనిముట్లనీ ఇంటి ముందుగదిలోకి తెచ్చుకున్నాడు. ఆ బల్ల దగ్గరికి ఎవరొచ్చినా "చెయ్యి వెనక్కి!" అని గద్దిస్తాడు. ఎక్కువ వోల్టేజీ ఉన్నచోట కుడిచేత్తోనే పనిచేయాలి, ఎడమచెయ్యి నడుం వెనక ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలోకి దిగుతుంది. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, కూరగాయలు ఏరుకునేటప్పుడు కూడా ఆయన ఎడమచెయ్యి వెనకే ఉంటుంది.

టీచరమ్మ బడిలో పిల్లలకి సంగీతం చెప్పేది. మూడేళ్ల కిందట ఒకనాడు ముందువరస పిల్లలంతా శ్రుతి తప్పి పాడుతున్నా పట్టుకోలేకపోయింది. వినికిడి మెల్లమెల్లగా పోతోందనీ, ఆపడం ఎవరి చేతిలోనూ లేదనీ డాక్టరు తేల్చేశాడు. చెవి మిషను పెట్టుకుంటే పాట రేకుడబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుందని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి మెకానిక్కు పంతం పట్టాడు.

మూతపడుతున్న ఒక రికార్డింగు స్టూడియో నుంచి పాత ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ సంపాదించాడు. అందులో అయస్కాంతం ఉండదు. రెండు జల్లెడ రేకుల మధ్య, ఊపిరి తగిలినా ఊగేంత పల్చటి తెర ఒకటి ఉంటుంది. ఆ తెరకి ఆరొందల వోల్టులు పట్టించి ఉంచితే అంత తేటగా ఇంకేదీ పలకదని ఆయన నమ్మకం. వోల్టులు అందకపోతే మాత్రం ఆ హెడ్‌ఫోన్ మూగదే. దానికి ఆ వోల్టులిచ్చి పాట అందించే పెట్టె, ఆంప్లిఫయర్, స్టూడియోలో దొరకలేదు. సరే, నేనే కడతానన్నాడు. భార్య చెవుల్లో ఆఖరి పిసరు వినికిడి ఉండగానే ఆమె పాటని ఆమెకి వినిపించాలి. ఆయనకి ఇక వేరే ధ్యాస లేదు.

మూడేళ్లలో ఆ పెట్టె రెండుసార్లు కాలింది, ఒకసారి పూర్తిగా విప్పించుకుంది. అన్నిటికన్నా ఏడిపించింది ట్రాన్స్‌ఫార్మర్ రొద. స్విచ్ వేస్తే చాలు, బల్లంతా జుమ్మని అదిరేది. దాని కింద రబ్బరు వాషర్లు వేసి, కిందటి నెలకి ఆ రొదని నామరూపాల్లేకుండా చేశాడు. ఆ రోజు టీచరమ్మ బల్లమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుండిపోయింది. "చూశావా, చడీచప్పుడూ లేదు!" అని ఆయన మురిసిపోయాడు. ఆమె కూడా నవ్వింది.

ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు ఆ పొద్దున డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంటున్నాడు.

"మళ్లీ కాల్చుకున్నావా నాన్నా?"

"సోల్డరు చుక్క పడిందిలే. ఇదేం కొత్తా?"

"చెయ్యి చాపు." ఆయన చాచలేదు. ఆమె తనే లాగి చూసింది. వేళ్లు వణుకుతున్నాయి. "ఈ చేతులతో వోల్టులతో ఆటలా? ఇంక చాలు, ఆపెయ్."

"పని అయిపోవచ్చింది. ఇప్పుడు ఆపమంటావేంటి?"

"ఏమన్నా అయితే? నా వార్డులోనే నిన్ను పడుకోబెట్టుకోమంటావా? అసలు ఎవరి కోసం నాన్నా ఇదంతా?"

మెకానిక్కుకి ఒళ్లు మండింది. "ఎవరి కోసమా? మీ అమ్మ చెవులు పోతుంటే నీకు చీమ కుట్టినట్టైనా లేదు. రోజూ ఊళ్లోవాళ్లకి సేవలు చేసొస్తావు, ఇంట్లో మనిషి గురించి మాత్రం పట్టదు!"

కూతురి ముఖం పాలిపోయింది. "నాకు పట్టదా? నాన్నా, అమ్మకి..."

కూతురి ముఖంలోకే చూస్తూ గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మ గబుక్కున అడ్డొచ్చింది. "ఊరుకోవే. ఆయన పని ఆయన్ని చేసుకోనీ."

కూతురు పళ్ల బిగువున ఏడుపు ఆపుకుంది. "సరే. అమ్మ తలకి ఆరొందల వోల్టులు తగిలిస్తావు కదా. దానికి విడిగా ఒక స్విచ్ పెట్టు. నా కంటికి కనబడేలా, ఎర్రది."

"మధ్యలో అడ్డుగా రెసిస్టర్లు ఉన్నాయే. దోమ కుట్టినంత కూడా..."

"పెడతావా, పెట్టవా?"

పెట్టాడు. నర్సు మాట కాదంటే ఇంజెక్షను పొడుస్తుందని భార్యతో హాస్యమాడుతూ, నాలుగో రోజుకి పెట్టె ముందువైపు ఎర్ర స్విచ్చూ, పక్కన మిణుగురంత ఎర్రదీపమూ బిగించాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. ముప్పై ఏళ్లనాటి బడి వార్షికోత్సవంలో టీచరమ్మ పిల్లల్ని చుట్టూ పెట్టుకుని పాడిన పాట క్యాసెట్టులో ఉంది. ఆయన హెడ్‌ఫోన్ ఆమె తలకి పెట్టాడు. మెయిన్ స్విచ్ వేశాడు, టేపు తిప్పాడు, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. ఓ చోట పెదాలు కదిలాయి, ఓ చోట తల ఊగింది. టేపు ఆగేదాకా ఆయన ఆ ముఖం మీంచి చూపు తిప్పలేదు. పెళ్లినాడైనా ఆమెని అంతసేపు చూశాడో లేదో.

టేపు ఆగాక ఆయన ఆమె భుజం తట్టాడు. ఆమె హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఎంత బాగుందండీ! నేనే పక్కన కూర్చుని పాడుతున్నట్టుంది. రెండో చరణం ముందు ఆ పిల్ల దగ్గింది చూశారా, అది కూడా ఎంత స్పష్టంగా వినబడిందో."

మెకానిక్కుకి నేల మీద కాలు నిలవలేదు. "దగ్గు కూడానా! విన్నావా తల్లీ? దగ్గు కూడా వినబడిందట!" కూతురు తలెత్తలేదు. ఆయన కళ్లు తుడుచుకుంటూ పెట్టె ఆపడానికి వంగాడు.

ఎర్రదీపం వెలగడం లేదు. ఎర్ర స్విచ్ వేయలేదు.

మూడేళ్లు ఒక్క స్విచ్చుకే అలవాటుపడ్డ చెయ్యి, కొత్తదాన్ని మరిచిపోయింది. ఆయన హెడ్‌ఫోన్ తీసుకుని తన చెవులకి పెట్టుకుని టేపు మళ్లీ తిప్పాడు. పాట లేదు, దగ్గు లేదు. ఆయన చెవుల్లో ఆయన రక్తం పారుతున్న చప్పుడొక్కటే ఉంది.

ఆమె అప్పటికే లేచి కిటికీ దగ్గర నిలబడింది. "ఎన్నాళ్లయింది?" అని ఆయన వెనకనుంచి అడిగాడు. ఆమె తిరగలేదు. "నిన్నే, ఎన్నాళ్లయింది?" అని గొంతు పగిలేలా అరిచాడు. ఆమె కర్టెను మడత సరిచేసుకుంటోంది.

"ఎనిమిది నెలలు నాన్నా" అంది కూతురు. "రెండు చెవులూ. నా చేత ఒట్టు వేయించుకుంది."

మెకానిక్కు కుర్చీలో కూలబడ్డాడు. కెటిల్ ఈల గుర్తొచ్చింది. మాట్లాడేటప్పుడు తన పెదాలకేసి ఆమె చూసే చూపు గుర్తొచ్చింది. నీకు చీమ కుట్టినట్టైనా లేదని కూతురిని అన్న మాట గుర్తొచ్చి, చెయ్యి చాచి ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. కూతురు ఆయన పక్కనే చతికిలబడి మోకాలికి తల ఆనించింది.

టీచరమ్మ ఇటు తిరిగింది. ఇద్దరి ముఖాలూ చూసింది, వెలగని దీపం చూసింది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదని ఆమెకి తెలిసిపోయింది.

"దుకాణం మూసిన ఏడాది మీరు అన్నం ముందు కూర్చుని గోడకేసి చూసేవారు" అంది నెమ్మదిగా. "ఈ పెట్టె మొదలెట్టాక మళ్లీ మనిషయ్యారు. ఇక నాకు వినబడదని ఏ నోటితో చెప్పనండీ?"

"నేను ఆలస్యం చేశాను" అన్నాడాయన, ఆమె చదవగలిగేలా ఒక్కో మాటా విడదీసి. "ఆ రొద మీదే ఏడాది పాడుచేశాను. లేకపోతే నువ్వు వినేదానివి."

ఆమె వచ్చి బల్లమీద అరచెయ్యి ఆనించింది. "ఆ రొద నాకు తెలిసేది. చెవికి కాదు, బల్లమీద చెయ్యి పెడితే. మీరు ఇక్కడ ఉన్నారని, పని చేస్తున్నారని తెలిసేది. మీరు రబ్బరు వేశాక అదీ పోయింది."

ఆయన ఆ చేతినీ పెట్టెనీ మార్చి మార్చి చూశాడు. లేచి ప్లగ్ పీకేశాడు. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగేదాకా మీటరు ముల్లు చూస్తూ నిలబడ్డాడు. అది సున్నాకి వచ్చాక మూత విప్పి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు వదులుచేశాడు. రెంచి పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే టీచరమ్మ కింద నట్టు పట్టుకుంది. ఒక్కో రబ్బరు వాషరూ తీసి కూతురి అరచేతిలో పెట్టాడు. నాలుగూ అయ్యాక మూత బిగించి ప్లగ్ పెట్టాడు. ఈసారి ఎర్ర స్విచ్ కూడా వేశాడు.

పెట్టె జుమ్మంది. ఆమె మూతమీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

"వచ్చింది" అంది. "పాట మీరు వినండి."

ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని టేపు తిప్పాడు. ముప్పై ఏళ్లనాటి ఆమె గొంతు తేటగా మొదలైంది, పక్కన పెట్టె రొద పెడుతుండగానే. తను కట్టింది ఎంత గొప్పగా పలుకుతోందో ఆయనకి తెలిసింది, ఆమెకి ఎప్పటికీ తెలియదని కూడా తెలిసింది. ఆమెకి వినబడదు కదా అని ఆయన పైకే ఏడ్చాడు. కూతురు వింది.

వెనకనున్న ఎడమచెయ్యిని ముందుకు తెచ్చి ఆమె చేతిమీద వేశాడు. పాట నడకకి తగ్గట్టు వేలితో ఆమె చేతిమీద తాళం వేయసాగాడు. మొదటి చరణం అయింది. వేలు ఆగింది.

కళ్లు తెరవకుండానే ఆమె అడిగింది. "దగ్గిందా?"

ఆయన ఆమె చేతిమీద ఒక్కసారి తట్టాడు.