పగలని గాలిగొట్టం

ఫిల్మ్‌నగర్ చివర బండల నడుమ ఒక గుంత ఉంది. చీకటి పడ్డాక ఎంత కిరాయి ఇస్తామన్నా ఆటోవాళ్లు అటు రారు. అక్కడ కొలిమి తిత్తుల చప్పుడొస్తుందట... బుస్... బుస్... తొక్కే మనిషి మాత్రం కనపడడట. విన్నది విన్నట్టు చెబుతున్నా, నమ్మితే నమ్మండి.

మొన్న ఎండాకాలం అక్కడ సినిమా సెట్ వేశారు. అడవిలో, గనుల దగ్గర పూర్వం రాగి ఎలా తీసేవాళ్లో అచ్చం అలాగే కావాలన్నాడు డైరెక్టర్ విహారి. మట్టి కొలిమి, అందులో బొగ్గులూ రాగిరాయీ పొరలు పొరలుగా. అడుగున మట్టి గాలిగొట్టం, దానికి రెండు మేకతోలు తిత్తులు. మనిషి వాటిమీద నిలబడి కాలు మార్చి కాలు తొక్కుతూనే ఉండాలి. రాగి కరిగేటప్పుడు మంట ఆకుపచ్చబడటం చీకట్లోనే బాగా తెలుస్తుందని రాత్రి షూటింగ్ పెట్టారు.

గొట్టం కోసం సెట్ మేస్త్రీ బాలనర్సయ్య పాత గనికే పోయాడు. అక్కడి ముసలాయన ఒక్క మాట చెప్పాడు. రాగి కరిగి కిందికి దిగగానే గొట్టం పగలగొట్టేవాళ్లట, అది పగిలితేనే తొక్కేవాడికి సెలవట. చుట్టూ వేలకొద్దీ గొట్టాల పెంకులు. పగలనిది ఒక్కటే దొరికింది. సినిమా బుద్ధి ఎక్కడికి పోతుంది? భలే ఉందని అదే పట్టుకొచ్చాడు.

తొక్కే వేషం అతని తమ్ముడు క్రాంతికుమార్‌ది. పదేళ్లు గుంపులో నిలబడ్డవాడికి ఇదే మొదటి క్లోజప్. అన్నే బతిమాలి ఇప్పించాడు.

మంట పచ్చబడింది. విహారి కట్ చెప్పాడు.

క్రాంతి కాళ్లు ఆగలేదు... ఇంకా జోరందుకున్నాయి.

"అన్నా... నేను తొక్కుతలేనే..." అన్నాడు.

నలుగురు పట్టి లాగారు. కనపడని దెబ్బకు ఒకడి దవడ పగిలింది. ఇంకొకడు ఎగిరి బండమీద పడ్డాడు, తల చిట్లింది. క్రాంతి వీపున చొక్కా చిరిగి కొరడా వాతలు తేలుతున్నాయి — ఒకటి... రెండు... మూడు... మడమల తోలు ఊడింది. తిత్తులు నెత్తుటితో జారుతున్నా కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది బాలనర్సయ్యకి ముసలాయన మాట. సుత్తి పట్టుకుని కొలిమి అడుక్కి చెయ్యి దూర్చాడు. మోచేతిదాకా కాలింది. అయినా సుత్తి వదల్లేదు మహానుభావుడు! ఒక్క దెబ్బకు గొట్టం రెండు ముక్కలైంది. క్రాంతి కుప్పకూలాడు.

అందరూ నిప్పు ప్రమాదమని సరిపెట్టుకున్నారు.

నాలుగో రోజు సాయంత్రం, కృష్ణానగర్ గదిలో తమ్ముడు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రెండు కాళ్లకూ కట్లు. ప్రాణం దక్కింది, అంతే చాలనుకున్నాడు బాలనర్సయ్య. ఫోన్ మోగింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అపూర్వ.

"మేస్త్రీ గారూ, కొలిమి షాట్ ఒక్కటి మిగిలిందండీ. మనుషులెవరూ అక్కర్లేదు. కంటిన్యుటీ కోసం ఆ గొట్టమే జిగురు పెట్టి అతికించాం, అతుకు కూడా కనపడట్లేదు. ఇప్పుడే నిప్పేశాం."

"పగలగొట్టు బిడ్డా... జల్ది పగలగొట్టు..."

ఫోన్లో అవతల ఒకటే చప్పుడు... బుస్... బుస్...

ఇవతల దుప్పటి కింద, కట్టు కట్టిన కాలొకటి లేచి దిగింది. తర్వాత రెండోది.