పన్నెండో బేరం

అమావాస్య మిట్టమధ్యాహ్నం! కారుమేఘాలు సూర్యుణ్ణి మింగేసి, పట్టపగలే వీధి నిండా కాటుక చీకటిని కుమ్మరించాయి... ఏదో చూరు కింద గుడ్లగూబ వేళాపాళా మరిచి కర్ణకఠోరంగా కూసింది. ఫెళఫెళమని పిడుగు పడింది!

వీధిలో నడిచొస్తున్న దర్జీ ఇల్లాలికి ఇవేవీ పట్టలేదు. చేతిలో చీపురు, కడుపులో మంట. భయపడే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

పాత ఇల్లు అమ్మకముందే కొత్త ఇల్లు కొనడం ఆమె తెలివే. "మనది చిటికెలో పోతుందండీ" అని మొగుణ్ణి ఒప్పించింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఏడు నెలలుగా రెండిళ్ల వాయిదాలకూ అతను బట్టల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు కుడుతున్నాడు. ఈ నెలాఖరులోగా పాతది పోకపోతే, కొత్తది బ్యాంకు పట్టుకుపోతుంది.

పదకొండు బేరాలొచ్చాయి. ప్రతిసారీ అదే తంతు! వచ్చినవాళ్లు గదులన్నీ చూసి తలూపుతారు. వంటగది గడప దాటగానే ఆమె కనుగుడ్లు తిరగబడతాయి... జుట్టు విరబోసుకుంటుంది... "నాకు లేని ఇల్లు మీకెందుకురా!" అని మరెవరిదో గొంతుతో భీకరంగా అరుస్తుంది. వాళ్లు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగు. తేరుకున్నాక ఆమెకేమీ గుర్తుండదు. "ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా!" అని మొగుడు విసుక్కుంటాడు. ఆ మాట పిశాచం కంటే ఎక్కువ పీడించేది.

పాత ఇల్లు ఊడ్చి ఉంచితే పన్నెండో బేరమైనా కుదురుతుందేమోనని వచ్చింది. తాళం తీయబోతే... తలుపు తీసే ఉంది!

వంటగది నిండా ధూపధూమం! పెకలించిన గచ్చు పలక పక్కన, ఎర్రటి ముగ్గు మధ్య... కపాలం! దాని ముందు పద్మాసనం వేసుకున్నది మరెవరో కాదు, ఇల్లు చూపించడానికని ఆమె స్వయంగా రెండో తాళంచెవి ఇచ్చిన బ్రోకరు!

"వచ్చావా? సగం ధరకి నాకే రాసిచ్చెయ్. లేదంటే ఇది నిన్ను చచ్చేదాకా వదలదు!"

"ఎవరిది... ఆ పుర్రె?"

వాడు వికటాట్టహాసం చేశాడు. "నీలాంటిదే. కొత్తది ముందు కొనేసింది. పాతది నేను అమ్ముడుపోనివ్వలేదు. రెండూ పోయి రోడ్డు మీద చచ్చింది. సొంతిల్లు లేని ఆత్మ కదా, నా మంత్రానికి ఇట్టే కట్టుబడింది!"

ఏడు నెలల ఉక్రోషం ఆమె నరనరానా పొంగింది.

"ఛీ! ఇంకెన్నాళ్లు చావాలి ఈ కొంపతో! ఏమమ్మా, నీక్కావాలా? తీసుకో! ఈ క్షణం నుంచి ఈ ఇల్లు నీదే. నువ్వే అమ్ముకో, చూద్దాం నీ తడాఖా!"

చూరు కింద గుడ్లగూబ ఠక్కున నోరు మూసుకుంది.

కపాల నేత్రకుహరాల్లో రక్తవర్ణ జ్వాలలు భగ్గుమన్నాయి! బ్రోకరు ముఖం పాలిపోయింది. సొంతిల్లున్న ఆత్మ మీద వాడి మంత్రం చెల్లదు.

"ఆగు! నా ఆజ్ఞ! కట్టుబడు!"

"ఎవరింట్లో ఎవడిదిరా ఆజ్ఞ?" నాలుగు గోడలూ ఒక్కసారిగా గర్జించాయి. అగ్నికీలలు వాణ్ణి చుట్టుముట్టాయి... ఒకే ఒక్క ఆర్తనాదం... అంతే! గుప్పెడు బూడిద మిగిలింది. కపాలం కూడా కనిపించలేదు. బేరానికి వచ్చేవాళ్లు చూస్తే బాగుండదని ఆమె ఆ బూడిదను ఊడ్చి పారేసి, పలకను తిరిగి పరిచింది.

ఆదివారం పన్నెండో బేరం వచ్చింది. ఒక ముసలి జంట. దర్జీ ముందుజాగ్రత్తగా ఇల్లాలి రెండు చేతులూ పట్టుకున్నాడు. గడప దాటగానే ఆమె కనుగుడ్లు తిరగబడనే తిరగబడ్డాయి...

"రండమ్మా, లోపలికి రండి," అంది ఆ గొంతు, ఎంతో మర్యాదగా. "గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయి. నీళ్లకి ఏ లోటూ ఉండదు. మీరు చల్లగా ఉండాలి."

అడ్వాన్సు చేతిలో పడగానే ఆ గొంతు వెక్కివెక్కి ఏడ్చింది. "అమ్మేశాను... నా ఇల్లు నేనే అమ్మేశాను!"

ఆమె కళ్లు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. "ఎవరండీ ఏడ్చింది?"

మొగుడు ఆమె చెంపలు తుడిచి, "పద, మనింటికి పోదాం," అన్నాడు.

ఏ ఇంటికని ఆమె అడగలేదు.