సుందరమ్మ ఇనుప పటకారు

“బావా! జల్దీ రా!”

గల్లీ చివర నుంచి మా మరదలి కేక. మేడ్చల్ నుంచి మటన్ తెస్తున్న నేను, సంచి పట్టుకొనే ఉరికిన. గౌడవెల్లిలో మా తమ్ముడు సాలోమోను ఇల్లది. ఆ సాయంత్రమే తమ్మునికీ మరదలికీ ఉన్న బిడ్డ రోజీకి పెండ్లి ప్రధానం.

ఏమైందంటే, కరెంటు పోయింది. జుట్టు చుట్టే మిషన్ ఆగిపోయి, రోజీ జుట్టు సగం ఉంగరాలు తిరిగింది, సగం చాపలెక్క పడి ఉంది. అవతల గాజులరామారం నుంచి పిల్లగాని తల్లి బయలుదేరింది. పోయినసారి “పిల్ల మంచిగుంది గని, జుట్టే గడ్డిలెక్కుంది” అని అందరి ముందు అన్న మనిషి. లోపల రోజీ ఒకటే ఏడుపు.

“మా అమ్మ ఉంటే గీ కరెంటెందుకు?” అన్న నేను.

నిజమే గదా! మా అమ్మ సుందరమ్మ కాలంలో ఇనుప పటకారును కుంపట్లో కాల్చుడే. ముందు పేపర్ ముక్కను పట్టి చూసేది. అది మాడితే పటకారును కాసేపు ఆరనిచ్చేది. తర్వాత జుట్టు చుట్టి, మెడ కాలకుండా ఉఫ్ అని ఊదేది. ఊళ్లో ఎంతమంది పెండ్లిపిల్లలను తయారుచేసిందో! ఆనక కరెంటు పటకార్లు వచ్చినయి, ఇప్పుడు అంకెలు వెలిగే మిషన్లు. అమ్మ వాటిని ముట్టనే లేదు. పోయినేడు ఆ పటకారును ఆమె చేతిలోనే పెట్టి సమాధి చేసినం. అదే ఆమె కోరిక.

నేనూ మరదలూ వాకిట్లో నిలబడి లైన్‌మన్‌కు ఫోన్ కొడుతున్నం. చీకటి పడుతాంది. లోపల నుంచి బొగ్గుల వాసన... మాడిన కాగితం వాసన...

“కుంపటి ఎవరు పెట్టిన్రు బావా?” మరదలు గుసగుసగా అడిగింది.

ఆ ఇంట్లో కుంపటే లేదు.

తలుపు తోసిన. రోజీ మాకు వీపు పెట్టి కూసుంది. తలంతా ఉంగరాలే.

“ఇగ చాలమ్మా,” అన్నది తిరగకుండానే. “మెడ మీద ఎంత సల్లగ ఊదినవే!”

మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ఇంతసేపూ నా పక్కనే ఉంది.

మిషన్ ముట్టి చూసిన. సల్లగుంది. కింద మాడిన పేపర్ ముక్క... దానికి తడి మట్టి.

రోజీకి చెప్పలే. చెప్తే ప్రధానం ఆగిపోతది. పిల్లగానోళ్లు వచ్చిన్రు, ప్రార్థన అయింది. కొవ్వొత్తుల వెలుగులో ఆఖరికి అందరం బంతికి కూసున్నం.

“జుట్టు మస్తుంది బిడ్డా,” అని పిల్లగాని తల్లి రోజీ పక్కన కూసొని మురిసింది. హమ్మయ్య అనుకొని నేను మటన్ బొక్క నోట్లో పెట్టుకున్న.

అప్పుడు పిల్లగాని తల్లి తన మెడ తడుముకుంది.

“ఏందమ్మా... గింత వేడి?”

ఆమె చెవి పక్కన ఒక్క పాయ... మెల్లగా చుట్టుకుంటాంది. సన్నగా పొగ.

నేను చెవులు రిక్కించి విన్న.

ఈసారి ఎవరూ ఊదలే.